లేవడానికి వీలుగా ఉంది

అమ్మ కోసం ఒక కుర్చీ చేద్దామనుకున్నాను. నా ఉద్యోగమే అది కాబట్టి ఇందులో పెద్ద త్యాగమేమీ లేదు. హైదరాబాదులో ఒక ఫర్నిచర్ స్టూడియోలో డ్రాయింగులు వేస్తాను. మేం చేసే లౌంజ్ చెయిర్లు జూబిలీహిల్స్ కాఫీ షాపుల్లోకీ, గేటెడ్ కమ్యూనిటీల్లో ఎవరూ కూర్చోని హాళ్ళలోకీ పోతాయి. పొదిలి దగ్గర మా ఊళ్ళో అమ్మ మాత్రం అరవై రెండేళ్ళుగా పీట మీదా, గడప మీదా, చేని గట్టు మీదా, పొగాకు బ్యారన్ ముందు నేల మీదా కూర్చుంటూ వచ్చింది. ఆకు కర్రలకి కట్టేటప్పుడు నడుం వంచి, మిరపకాయల ముచ్చికలు తీసేటప్పుడు మెడ వంచి. ఇప్పుడు నడుమూ మెడా రెండూ పోయాయి. డాక్టరు గారు మంచిగా వీపు ఆనించి కూర్చోమన్నారు. ఆ మాట ఫోన్లో చెబుతూ అమ్మ నవ్వింది, "దేనికి ఆనిస్తానే?" అని.

కుర్చీ ఇనుమూ కర్రా కలిపి చేయాలని ముందే అనుకున్నాను. ఇనుప పైపు సన్నగా ఉండి బరువు మోస్తుంది, కొద్దిగా సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. అలా సాగడం వల్లే మెత్త లేకపోయినా సుఖంగా అనిపిస్తుంది. కానీ మా వైపు మే నెల మధ్యాహ్నం ఇనుము మీద చెయ్యి వేసి చూడండి. ఒకే నీడలో పక్కపక్కన ఉన్న ఇనుమూ కర్రా నిజానికి ఒకే వేడిలో ఉంటాయి. తేడా ఎక్కడంటే, ఇనుము కర్ర కంటే చాలా వేగంగా తన వేడిని చేతికి ఇచ్చేస్తుంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు అది ఒంటి వేడి కంటే ఎక్కువే కదా, అందుకని కాలుతుంది. కాబట్టి బరువు మోసే చోట ఇనుము, ఒళ్ళు తగిలే చోట కర్ర. కూర్చునే చోటా వీపు దగ్గరా తోలు, స్పాంజి మాకు పనికిరావు, చెమటకి పాడైపోతాయి. అక్కడ నవారు.

"కుర్చీకి నవారేందమ్మా, మంచానికి గానీ" అన్నారు మా ఊరి ఆచారి గారు. కానీ పనిలోకి దిగాక నాకంటే ఆయనకే ఎక్కువ ఉత్సాహం వచ్చింది. తుఫానుకి పడిపోయిన మా పెరటి వేపచెట్టు మొద్దు రెండేళ్ళుగా ఎండుతూ ఉంది, దాన్ని కోయించారు. చేతులకి తుమ్మ వేద్దామన్నారు. బండి చక్రాలకి వాడిన కర్ర, చెయ్యి రాపిడికి అరగదు అని. కర్ర వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది, ఇనుము ఆ మాట వినదు. అందుకని కర్రని పైపుకి బిగించే బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా తీశారు, కర్ర అటూ ఇటూ కదలడానికి. ఇది నేను కాలేజీలో ఒక సెమిస్టరు పాటు చదువుకున్న సంగతి. ఆయన అడక్కుండానే చేశారు. దర్శి రోడ్డులో వెల్డింగ్ షాపు కుర్రాడు పైపు వంచేటప్పుడు నొక్కు పడకుండా లోపల ఎండు ఇసుక దట్టించి కాల్చి వంచాడు.

వంచిన పైపు చూస్తే నాకు మార్సెల్ బ్రాయర్ గుర్తొస్తాడు. 1925లో, బౌహౌస్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో, తను తొక్కే సైకిల్ హ్యాండిల్ చూసి, ఇలాంటి పైపుతో కుర్చీ ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. మూడేళ్ళ తర్వాత పారిస్‌లో షార్లొత్ పెరియాఁ, లె కార్బూజియే, పియర్ జానరే కలిసి పైపులతో ఒక పడక్కుర్చీ చేశారు. దాని పేరు చాలాకాలం లె కార్బూజియే ఖాతాలోనే నడిచింది. ఆ కుర్చీ మీద పెరియాఁ స్వయంగా పడుకుని తీయించుకున్న ఫొటో ఒకటుంది. కాళ్ళు ఎత్తి పెట్టుకుని, ముఖం కెమెరాకి అవతలి వైపు తిప్పుకుని. 1940లో జపాన్ వెళ్ళినప్పుడు ఆవిడ అదే కుర్చీని వెదురుతో మళ్ళీ చేసింది. పైపు బదులు వెదురు పెట్టొచ్చని చెప్పడానికి మా క్లాసులో ఈ కథ చెప్పేవాళ్ళు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ ఫొటోనే గుర్తుండేది. తను గీసిన కుర్చీలో, చూసేవాళ్ళని పట్టించుకోకుండా, కాళ్ళు పైకి పెట్టి పడుకున్న ఆడమనిషి. అలాంటి ఫొటో మా ఊళ్ళో ఒక్కటైనా ఉంటుందా అని.

మొదటి కుర్చీ కొలతలు ఇవి. ముందు అంచు ఎత్తు 40 సెంటీమీటర్లు, లోతు 48, సీటు వెనక్కి 15 డిగ్రీల వాలు, అంటే వెనక అంచు 28 సెంటీమీటర్లకి దిగుతుంది. సీటుకీ వీపుకీ మధ్య 110 డిగ్రీలు. పుస్తకాల్లో సుఖంగా ఉండే కుర్చీకి ఇంచుమించు ఇలాగే రాసి ఉంటుంది. నేను కూర్చుని చూస్తే అద్భుతంగా ఉంది. ఆచారి గారు కూర్చుని ఒక కునుకు కూడా తీశారు.

వసారాలో వేసి అమ్మని కూర్చోబెట్టాం.

"బాగుందా?"

"బాగానే ఉంది."

ముందు అంచు మీద కూర్చుంది. వీపుకీ నవారుకీ మధ్య జానెడు దూరం. వెనక్కి జరుగమ్మా అంటే జరిగింది, పాదాలు నేలని వదిలి గాల్లో వేలాడాయి. అమ్మ ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. ఆమె మోకాలి వెనక నుంచి నేల దాకా ఎంతుంటుందో కొలవకుండా నేను కుర్చీ చేశాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, కొలవడం నా వృత్తి. ఇంతలో గేటు చప్పుడైంది, మా పెద్దనాన్న వస్తున్నాడు. బావగారిని చూసి అమ్మ లేవబోయింది, లేవలేకపోయింది. ఆ వాలులో ఒకసారి కూరుకుపోయాక అరవై రెండేళ్ళ మోకాళ్ళతో పైకి రావడం కష్టం. చేతులతో తడుముకుంటూ, పైట సర్దుకుంటూ, ఎలాగో లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. "కూర్చో కూర్చో" అంటూనే పెద్దనాన్న ఆ కుర్చీలో తను కూర్చున్నాడు, పూర్తిగా జారగిలబడి. "భలే ఉందిరా" అని నాన్నతో అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు ఆ కుర్చీలో నాన్న కూర్చున్నాడు. అమ్మని ఎప్పుడడిగినా అదే జవాబు, బాగానే ఉందని.

అమర్త్య సేన్ ఒకచోట ఒక పాత సర్వే లెక్కలు చెబుతాడు. 1944లో, బెంగాల్ కరువు తర్వాతి ఏడాది, కలకత్తా దగ్గర సింగూరులో జనాన్ని మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. భార్య పోయిన మగవాళ్ళలో 48.5 శాతం మంది, ఒంట్లో బాగాలేదనో అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్ళలో ఆ మాట చెప్పింది 2.5 శాతం. ఆడవాళ్ళు అంత ఆరోగ్యంగా ఉన్నారని కాదు అర్థం. తన బాధ లెక్కలోకి వస్తుందని ఎప్పుడూ అనుకోని మనిషి అడిగినప్పుడు మాత్రం ఏం చెబుతుంది? మా రంగంలో వాడేవాళ్ళని అడిగి డిజైన్ చేయండి అనేది వేదవాక్కు. అడిగాను కదా. బాగానే ఉందంది కదా. ఇంక నా పని అయిపోయినట్టేనా?

జారగిలబడటం అన్నాను ఇందాక. కూర్చోవడానికి మనకి ఎన్ని మాటలో చూడండి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుక్కూర్చోవడం, చతికిలబడటం, కూలబడటం, చేరగిలబడటం. ఇందులో చతికిలబడటం, కూలబడటం అలిసిపోయినవాళ్ళవీ ఓడిపోయినవాళ్ళవీ. సుఖం ఉన్నది ఒక్క చేరగిలబడటంలోనే, జారగిలబడటంలోనే. ఆ రెండు మాటలూ మా ఇంట్లో నేను విన్నది తాతయ్య గురించే. వసారాలో గుడ్డ పడక్కుర్చీ ఆయనది. ఆయన లేనప్పుడు కూడా అందులో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, మడిచి గోడకి ఆనించేవాళ్ళు. కుర్చీకి దొరికిన ఆనుడు మా నాయనమ్మకి దొరకలేదు. తెలుగు కథల్లో కూడా చూడండి, పడక్కుర్చీలో ఉన్నది రిటైరైన మేష్టారో, కరణంగారో, మామగారో. ఆవిడ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంటుంది, కాఫీ గ్లాసు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని.

అసలు పడక్కుర్చీ అనే వస్తువు లోపలే ఈ సంగతి ఉంది. వీపు వెనక్కి వాల్చి, నడుం కిందికి దింపి, కాళ్ళు ముందుకి చాపితే ఒళ్ళు తేలికవుతుంది, నిజమే. కానీ అలా కూర్చున్న మనిషి చటుక్కున లేవలేడు. లేవాల్సిన అవసరం లేనివాడి కోసం, నీళ్ళు తెచ్చిపెట్టేవాళ్ళు వేరే ఉన్నవాడి కోసం తయారైన భంగిమ అది. తెల్లదొరల బంగళాల్లో ఉండే ప్లాంటర్ కుర్చీ చేతులు ముందుకి పొడుగ్గా సాగి ఉంటాయి, కాళ్ళు వాటి మీద పెట్టుకోవడానికి, బూట్లు ఇంకొకరు వచ్చి విప్పడానికి వీలుగా. 110 డిగ్రీలు అని మనం పుస్తకంలో రాసుకున్న అంకె వెనక ఒక నౌకరు నిలబడి ఉన్నాడు.

రెండో కుర్చీ కొలతలు అమ్మ ఒంటి నుంచి తీసుకున్నాను. ముందు ఎత్తు 36, లోతు 42, వాలు 8 డిగ్రీలు. మనిషి లేవాలంటే పాదాలు వెనక్కి లాక్కుని, ఒంటి బరువు వాటి మీదికి తెచ్చుకోవాలి. అందుకని ముందు కాళ్ళ మధ్య అడ్డంగా ఉన్న పైపు తీసేయించాను. చేతులు సీటు ముందు అంచు దాకా పొడిగించి చివర కాస్త లావుగా ఉంచాం, అరచెయ్యి ఊని లేవడానికి. నవారు కొన్నాళ్ళకి వదులవుతుంది. మంచానికి కాళ్ళ వైపు తాళ్ళుంటాయి చూశారా, బిగించుకోవడానికి, అవే ఇక్కడ సీటు వెనక పెట్టారు ఆచారి గారు. మొదటిసారి నా డ్రాయింగుకి ఆయన కర్ర కోశారు, రెండోసారి ఇద్దరం కలిసి చేశాం.

అమ్మ కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. ఈసారి నేను అడగలేదు.

"ఇది బాగుందే. లేవడానికి వీలుగా ఉంది."

సుఖంగా కూర్చోవడానికి ఒక కుర్చీ చేస్తే దానికి దొరికిన మెప్పు ఇది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ రెండో కుర్చీ అమ్మ ఒంటికి సరిపోయింది, సరే. ఒంటితో పాటు అమ్మ అలవాటుకి కూడా సరిపోయింది. పిలిస్తే లేవాలి అన్న అలవాటుకి. ఒక అన్యాయం ఒక మనిషి ఒంట్లో నలభై ఏళ్ళు కూర్చుంటే, దాని ఆకారానికే నేను కుర్చీ చేసిపెట్టాను. అలాగని మొదటి కుర్చీయే సరైనదా? అది అమ్మని సింహాసనం మీద కూర్చోబెట్టి కాళ్ళు గాల్లో వదిలేసింది. నా ఆదర్శం ఆమె మోకాళ్ళతో పని చేయించుకోబోయింది. రెండూ తప్పే అనిపించింది.

కానీ ఇంకో కోణం కూడా ఉంది. ముసలితనంలో ఎవరి చెయ్యీ అడక్కుండా లేవగలగడం చిన్న సంగతి కాదు. సోఫాలో కూరుకుపోయి, పిల్లలెవరైనా వచ్చి లేపుతారా అని చూసే పెద్దవాళ్ళని చాలామందిని చూశాను. బాత్రూముకి వెళ్ళాలని చెప్పుకోలేక అలాగే ఉండిపోతారు. తనకి లేవాలనిపించినప్పుడు లేవడం స్వతంత్రం. ఎవరో వచ్చారని లేవడం వేరు. రెండింటికీ మోకాలు వంగే తీరు ఒకటే, అరచెయ్యి ఊనే చోటు ఒకటే. ఏది ఏదో కుర్చీకి తెలీదు. నా డ్రాయింగులో ఆ తేడా గీయడానికి గీత లేదు.

నాకు తోచిన ఉపాయం చాలా మామూలుది. కుర్చీని గేటుకి ఎదురుగా ఉన్న వసారాలోంచి తీసుకెళ్ళి పెరట్లో, బ్యారన్ వైపు తిప్పి, మిగిలిన వేపచెట్టు కింద వేశాను. గేటు కనపడదు. ఎవరొచ్చారో కనపడదు. నాన్న పిలిస్తే వినపడుతుంది గానీ వినపడలేదని అనొచ్చు. నాలుగో రోజు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే అమ్మ వీపు నవారుకి ఆనించి, తల పక్కకి వాల్చి నిద్రపోతోంది. చెప్పులు విడిచి, పాదాలు వేపాకుల మీద. ఫొటో తీద్దామని ఫోను పైకెత్తి, మళ్ళీ దించేశాను. డిగ్రీల కోసం, సెంటీమీటర్ల కోసం రెండు నెలలు తన్నుకున్నాను. ఆఖరికి పని చేసింది కుర్చీ ఎటు తిరిగి ఉందన్నది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. ఆ మధ్యాహ్నమే ఒక పెద్దాయన పెరటి దారిన వచ్చారు. మా పొలంలో, బ్యారన్‌లో ముప్ఫై ఏళ్ళు పని చేసిన మనిషి. మేం రైతులం, మా కులం పేరు రాయక్కర్లేదు, ఈ ప్రాంతం వాళ్ళకి తెలుస్తుంది. ఆయన ఉండేది ఊరికి అవతల. చిన్నప్పుడు నేను ఆయన్ని పేరు పెట్టి, నువ్వు అని పిలిచేదాన్ని, నాకు ఆరేళ్ళు, ఆయనకి నలభై. చప్పుడుకి అమ్మ కళ్ళు తెరిచింది. చూసింది. లేవలేదు. "ఏంటి, గడ్డికా?" అని అలాగే వాలి ఉండే మాట్లాడింది. ఆయన బ్యారన్ అరుగు మీద గొంతుక్కూర్చున్నారు.

అమ్మ ఎవరి ముందూ వీపు ఆనించదనుకున్నాను. ఆనిస్తుంది. ఆయన ముందు. ఎప్పుడూ అంతేనేమో, నేను గమనించలేదు. అమ్మ లేచి నిలబడే మనుషుల వరసలో ఆయన లేరు. నేను సాధించాననుకున్న ఆ వాలు, తాతయ్య పడక్కుర్చీ వాలే. ఒక మెట్టు కిందికి వచ్చింది, అంతే.

కాళ్ళు చాపుకోవడం అనే మాట మా వైపు తేలికగా అనేది కాదు. 1991 జూలైలో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులస్థుడికి తగలడంతో గొడవ మొదలైంది. సాంఘిక బహిష్కారం నడిచింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. సీటుకీ సీటుకీ మధ్య ఎంత దూరం ఉండాలో సినిమా హాళ్ళు కట్టేవాళ్ళ పుస్తకంలో ఉంటుంది. ఎవరి కాలు ఎవరికి తగలవచ్చో దాంట్లో ఉండదు.

నేను వెంటనే మంచిదాన్ని అయిపోదామనుకున్నాను. ఒక కుర్చీ తెచ్చి, "కూర్చోండి" అన్నాను. మీరు అన్నందుకు ఆయన ఎవరితోనా అన్నట్టు వెనక్కి తిరిగి చూశారు. "వొద్దులే అమ్మా, ఈడ బాగుంది." బాగుంది. మళ్ళీ అదే మాట. మీకొక కుర్చీ చేస్తాను, కొలతలు తీసుకుంటానన్నాను. టేపు తీసి ఆయన పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చోగానే ఆయన గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "కాళ్ళకాడ కూకోవాకమ్మా, బాగుండదు." అమ్మ కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో నేను అడగలేదు.

కాసేపటికి ఆయనే అన్నారు, "నాకు కుర్చీలు లేక కాదమ్మా. మా ఇంటికాడ నాలుగుండయ్. మావోడు కొన్నాడు. ఆడ కూకుంటా, కాలు మీద కాలేసుకుని. ఈడెందుకు?"

ఈ మాట నాకు ముందు ఎందుకు తోచలేదు? ఆయనకి కూర్చోవడం రాదన్నట్టు, నేను కొలిచి చేసిపెడితే వస్తుందన్నట్టు బయల్దేరాను. టెంట్ హౌసు ప్లాస్టిక్ కుర్చీలు ఈ పని మాకంటే ముందే, చాలా చవగ్గా చేశాయి. ఎవరి పెళ్ళికైనా అవే కుర్చీలు, అందరికీ ఒకటే ఎత్తు, ఒకటే రంగు. డిజైనర్లం వాటిని చూసి మొహం చిట్లిస్తాం. ఆయనకి సరిపోని కుర్చీ ఎక్కడా లేదు. సరిపోనిది మా పెరడు.

"మీ ఇంటికి రానా?" అన్నాను.

"రా. ఎవరొద్దన్నారు?"

ముప్ఫై నాలుగేళ్ళలో నేను ఎప్పుడూ వెళ్ళలేదు. మర్నాడు సాయంత్రం వెళ్ళాను, నడిస్తే పది నిమిషాలు. రెండు గదుల డాబా, ముందు రేకుల పంచ. ఆయన తువ్వాలుతో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తుడిచి నా వైపు జరిపి, తను నులక మంచం మీద వెనక్కి జరిగి, గోడకి వీపు ఆనించి, కాళ్ళు బార్లా చాపుకున్నారు. వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చింది. లోపల్నుంచి టీవీ చప్పుడు. ఈ ఏడు మిరప ధర పడిపోయిందనీ, కొడుకు ఒంగోల్లో ఆటో నడుపుతున్నాడనీ, కోడలికి నెలలు నిండుతున్నాయనీ చెప్పారు. గంటసేపు మాట్లాడుకున్నాం.

"వెనక్కి జరిగి సరిగా కూర్చోమ్మా" అంది వాళ్ళావిడ, టీ గ్లాసు చేతికిస్తూ. "పడేట్టున్నావు."